71 నెలల నుంచి 39 నెలలకు: ఒక పీఎంపీ దరఖాస్తు సిద్ధమైన తీరు

నేపథ్యం

ఈ కేసులోని అభ్యర్థి హైదరాబాద్‌లో పనిచేస్తున్న సివిల్ ఇంజనీరు. పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి, ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరి, పట్టా పొందాక కొన్నేళ్లు కాంట్రాక్టు సంస్థల తరఫున సైట్ల మీద పనిచేశారు. కాన్పు, పసిబిడ్డ ఆలనాపాలనా కారణంగా 2018 జనవరి నుంచి 2020 సెప్టెంబరు దాకా ఉద్యోగానికి దూరంగా ఉండి, ఆ అక్టోబరులో ఒక ప్రైవేటు కన్సల్టెన్సీలో చేరారు. ఆమెను గుర్తుపట్టే వీలు లేకుండా ఊళ్ల పేర్లు, సంస్థల పేర్లు, పథకాల పేర్లు వదిలేశాను. పనుల పరిమాణాలను కూడా కొద్దిగా మార్చాను. నెలల లెక్కను మాత్రం ఉన్నదున్నట్టుగా ఇస్తున్నాను, ఎందుకంటే కేసంతా ఆ లెక్క మీదే నడిచింది.

2023 జూన్‌లో ఆమె నా దగ్గరకు వచ్చారు. పై హోదాకు పీఎంపీ (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ప్రొఫెషనల్) సర్టిఫికెట్ ఉంటే మంచిదని కార్యాలయంలో చెప్పారట. పరీక్ష గురించి ఆమెకు పెద్దగా భయం లేదు, అప్పటికే చదువు మొదలుపెట్టారు. 'దరఖాస్తు ఒక్కసారి చూసి పెట్టండి సార్, పంపేస్తాను' అన్నారు. ఆ 'ఒక్కసారి' మూడు నెలలు పట్టింది.

ఈ విషయం తెలియనివారి కోసం రెండు మాటలు. అమెరికాలో 1969లో ఏర్పడిన ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ 1984 నుంచి ఈ సర్టిఫికెట్ ఇస్తోంది. ఆమె దరఖాస్తు చేసేనాటి నిబంధన ప్రకారం డిగ్రీ ఉన్నవారు గడిచిన 8 ఏళ్లలో కనీసం 36 నెలలు ప్రాజెక్టులను ముందుండి నడిపి ఉండాలి, 35 గంటల శిక్షణ పొంది ఉండాలి. డిగ్రీ లేనివారికైతే 60 నెలలు కావాలి. ఒకే సమయంలో రెండు ప్రాజెక్టులు నడిపినా ఆ నెలలను ఒక్కసారే లెక్కిస్తారు. దరఖాస్తుల్లో కొన్నింటిని యాదృచ్ఛికంగా ఆడిట్‌కు ఎంపిక చేస్తారు. అలా ఎంపికైతే పట్టా నకలు, శిక్షణ సర్టిఫికెట్, ప్రతి ప్రాజెక్టుకూ దాన్ని ఎరిగిన వ్యక్తి ధ్రువీకరణ 90 రోజుల్లో సమర్పించాలి. ఆడిట్‌లో నెగ్గకపోతే ఏడాది పాటు మళ్లీ దరఖాస్తు చేసే వీలుండదు.

ఎదురైన సమస్య

ఆమె తెచ్చిన పట్టికలో 71 నెలల అనుభవం ఉంది. ఒక పెద్ద ఎత్తిపోతల పథకపు కాలువ ప్యాకేజీలో 15 నెలలు, గ్రామీణ తాగునీటి పనుల్లో 18, ఆ పథకం నిర్వహణలో 3, ఒక డయాగ్నొస్టిక్ సెంటర్ లోపలి పనుల్లో 12, ఒక పాఠశాల భవనంపై రెండు అదనపు అంతస్తుల నిర్మాణంలో 10, ఒక నివాస సముదాయపు వార్షిక నిర్వహణ కాంట్రాక్టులో 13. కావలసినది 36 కనుక దాదాపు రెట్టింపు ఉన్నట్టే కనిపిస్తుంది. ఆమె నిశ్చింతకు కారణం అదే. ఆ పట్టిక చూడగానే నాకు కలిగిన అనుమానానికీ కారణం అదే. సైట్ మీద పనిచేసేవారి అనుభవం అంత నున్నగా, ఒక పని ముగిసిన మర్నాడే మరో పని మొదలైనట్టుగా ఉండదు.

చదువు విషయంలో ఆమెకు ఒక దిగులు ఉంది. ఈసెట్ ద్వారా చేరినందువల్ల ఇంజనీరింగ్ కాలేజీలో మూడేళ్లే చదివానని, దాన్ని డిగ్రీ కింద లెక్కించరేమోనని అడిగారు. చేతికొచ్చినది బీటెక్ పట్టా కనుక డిగ్రీ వర్గంలోనే చూపించమన్నాను. అసలు చిక్కు వేరే చోట ఉంది: ఆమె దగ్గర ప్రొవిజనల్ సర్టిఫికెట్ తప్ప ఒరిజినల్ డిగ్రీ లేదు. మనలో చాలామంది లాగే ఆమె కూడా ఉద్యోగంలో చేరే హడావిడిలో దానికి దరఖాస్తే చేయలేదు. ఆడిట్ వస్తే 90 రోజుల గడువు ఎలాగూ ఉంటుంది కదా అని ఆమె అన్నారు. ఆ గడువును సంతకాల కోసం అట్టిపెట్టుకోవాలి తప్ప విశ్వవిద్యాలయం కిటికీ ముందు ఖర్చుపెట్టకూడదన్నది నా ఆలోచన. ఒరిజినల్ డిగ్రీ చేతికొచ్చేదాకా దరఖాస్తు పంపకూడదని ఆ రోజే నిర్ణయించుకున్నాం.

పేరు సంగతి కూడా చెప్పాలి. పదో తరగతి మెమోలోనూ పట్టాలోనూ ఇంటిపేరు పొడి అక్షరంగా ముందు ఉంటే, పాస్‌పోర్టులో పెళ్లి తర్వాత మారిన ఇంటిపేరు పూర్తిగా చివర ఉంది. పరీక్ష రోజు చూపించే గుర్తింపు పత్రంలో ఎలా ఉందో దరఖాస్తులోనూ అలాగే ఉండాలి కనుక పాస్‌పోర్టులోని పేరునే వాడమని, రెండు పేర్లూ ఒకే మనిషివని చూపే పత్రాన్ని విడిగా దగ్గర పెట్టుకోమని చెప్పాను. 35 గంటల శిక్షణతో ఇబ్బంది రాలేదు. చివర పరీక్ష ఉన్న ఆన్‌లైన్ కోర్సు పూర్తిచేసిన సర్టిఫికెట్ ఆమె దగ్గర ఉంది.

లెక్క తరిగిన క్రమం

గళ్ల కాగితం మీద 2015 జూన్ నుంచి 2023 మే దాకా నెలకో గడి చొప్పున 96 గడులు గీసి, ఒక్కో ప్రాజెక్టునూ ఆమె చేతనే నింపించాను. ఎత్తిపోతల పనిలో మొదటి 5 నెలలు 8 ఏళ్ల పరిధికి వెలుపల పడ్డాయి. 66 మిగిలాయి.

ఆ పనిలోని తక్కిన 10 నెలల మీదే ఎక్కువ చర్చ జరిగింది. ఆమె వృత్తి జీవితంలో అందరూ గొప్పగా చెప్పుకొనే పని అదే. కాలువ గట్టు మీద హెల్మెట్‌తో దిగిన ఫొటో ఇప్పటికీ ఇంట్లో గోడకు ఉందట. అక్కడ రోజూ ఏం చేసేవారని అడిగితే, లెవెల్స్ తీసేదాన్ని, ఎం.బుక్ (కొలతల నమోదు పుస్తకం) రాసే ఇంజనీరుకు కొలతలు అందించేదాన్ని, రన్నింగ్ బిల్లులు (పని సాగేకొద్దీ పెట్టే బిల్లులు) సరిచూసేదాన్ని అన్నారు. పని ఆగిపోతే మళ్లీ ఎవరు మొదలుపెట్టించేవారు, మేస్త్రీలు ఎవరి మాట వినేవారు, గడువు తప్పితే ఎవరిని పిలిచి అడిగేవారు అన్న మూడు ప్రశ్నలకూ ఆమె నోట వేరొకరి పేరే వచ్చింది. దరఖాస్తు అడుగుతున్నది ప్రాజెక్టు ఎంత పెద్దదని కాదు, దాన్ని ఎవరు నడిపారని. 'ఊరంతా తెలిసిన పథకం వదిలేసి ఎవరికీ తెలియని వాటర్ ట్యాంకులు రాయాలా సార్?' అన్న ఆమె మాటలో బాధ ఉంది, అది న్యాయమైన బాధే. అయినా ఆ 10 నెలలనూ కొట్టేశాం. 56.

తాగునీటి పథకం పూర్తయ్యాక చేసిన 3 నెలల నిర్వహణ రోజువారీ పని కనుక ప్రాజెక్టు కాదు. 53. కన్సల్టెన్సీలో చేరిన తొలి 3 నెలలు ఆమె మరొకరి కింద సహాయకురాలు; డయాగ్నొస్టిక్ సెంటర్ పని ఆమె చేతికి వచ్చింది 2021 జనవరిలో. 50. ఆ పనీ పాఠశాల పనీ 2021 జూలై నుంచి సెప్టెంబరు దాకా ఒకేసారి నడిచాయి కనుక మరో 3 పోయాయి. 47. వార్షిక నిర్వహణ కాంట్రాక్టులోని 13 నెలలు కూడా పేరులోనే ఉన్నట్టు నిర్వహణే అని నేను అడ్డగీత గీసేశాను. 34 మిగిలాయి.

71 నెలలతో వచ్చిన మనిషి రెండు నెలల లోటుతో ఇంటికి వెళ్లారు. రెండు మూడు నెలలు ఆగి, కార్యాలయంలో మరో ప్రాజెక్టు నడిపాక దరఖాస్తు చేయవచ్చని సలహా ఇచ్చాను. ఆ సలహా తప్పు కాదు కానీ తొందరపాటుతో ఇచ్చినది.

వారం తర్వాత ఫోనులో వేరే విషయం మాట్లాడుతూ, 'ఆ అపార్ట్‌మెంట్లో ఎస్‌టీపీ మార్చినప్పుడైతే ఐదు నెలలు నిద్ర లేదు సార్' అన్నారు. మురుగునీటి శుద్ధి ప్లాంటు మార్చడం నిర్వహణ కాంట్రాక్టులో ఎలా వచ్చిందని ఆపి అడిగాను. పాత ప్లాంటు చెడిపోయి కాలుష్యం మీద ఫిర్యాదులు రావడంతో నివాసుల సంఘం విడిగా తీర్మానం చేసి, విడిగా నిధులు కేటాయించి, కాలవ్యవధి పెట్టి ఆ బాధ్యతను ఆమెకు అప్పగించిందట. 2022 నవంబరులో మొదలై 2023 మార్చిలో ముగిసింది. ఇళ్లలో జనం ఉండగానే మురుగును తాత్కాలికంగా ట్యాంకర్లతో తరలిస్తూ, పాత యంత్రాలు తీసి కొత్తవి బిగించి, శుద్ధి అయిన నీటికి పరీక్షలు చేయించి సంఘానికి అప్పగించారు. ఆరంభం, ముగింపు, విడి బడ్జెట్, అంతకుముందు అక్కడ లేని ఫలితం అన్నీ ఉన్నాయి. ప్రాజెక్టు అనడానికి ఇంతకన్నా ఏం కావాలి? కాంట్రాక్టు పేరు చూసి 13 నెలలకూ ఒకే గీత గీసిన తప్పు నాది. ఆ 5 నెలలు చేరాక మొత్తం 39 అయింది: తాగునీటి పనులు 18, డయాగ్నొస్టిక్ సెంటర్ 9, పాఠశాల 7, ఎస్‌టీపీ 5.

వదిలేసిన నెలల్లో కొన్నింటినైనా చేర్చి భద్రత కోసం 45 దాకా చూపిద్దామని ఆమె అడిగారు. ఎంత ఎక్కువ చూపితే అంత మేలన్న భావన ఈ దరఖాస్తుల విషయంలో చాలామందికి ఉంటుంది. ఆడిట్ వచ్చినప్పుడు ఆ అదనపు నెలలే సంతకం దొరకని నెలలు అవుతాయి. ఆమె విషయంలో మరో లెక్క కూడా ఉంది. తాగునీటి పనులు మొదలైంది 2016 ఏప్రిల్‌లో. ఆడిట్‌లో నెగ్గక ఏడాది ఆగవలసి వస్తే 8 ఏళ్ల పరిధి ముందుకు జరిగి ఆ పాత నెలలు ఒక్కొక్కటిగా బయటపడిపోతాయి. 39లో ఉన్న మూడు నెలల మిగులు కాస్తా కరిగిపోతుంది. ఉద్యోగ విరామం లేనివారికి ఈ బెడద ఉండదు, వెనక పోయినది ముందు చేరుతుంది. విరామం తీసుకున్నవారికి, అంటే మన దగ్గర ఎక్కువగా ఆడవాళ్లకు, అప్పటి ఆ 8 ఏళ్ల గీత చాలా కఠినమైనది.

విఫలమైన ప్రయత్నం

ఒక్కో ప్రాజెక్టు గురించి 200 నుంచి 500 పదాల మధ్య వివరణ రాయాలి. ఇక్కడ రెండో తప్పు కూడా నేనే చేశాను. నేను దరఖాస్తు చేసిన కాలంలో నెలలతో పాటు 4,500 గంటల అనుభవాన్ని కూడా ఆరంభం, ప్రణాళిక, అమలు, పర్యవేక్షణ-నియంత్రణ, ముగింపు అనే ఐదు విభాగాలుగా పంచి చూపించాల్సి వచ్చేది. అప్పుడు రాసుకున్న నమూనాను దాచుకొని, అడిగినవారందరికీ ఇస్తూ వచ్చాను. ఆమెకూ ఇచ్చాను. ఆమె చురుకైన మనిషి, రెండు రోజుల్లో నాలుగు వివరణలూ రాసి తెచ్చారు. ప్రాజెక్ట్ చార్టర్ (పని ప్రారంభానికి అనుమతి పత్రం) రూపొందించారు, స్టేక్‌హోల్డర్ రిజిస్టర్ (సంబంధితుల జాబితా) తయారుచేశారు, రిస్క్ రిజిస్టర్ (ముప్పుల జాబితా) నిర్వహించారు, నేర్చుకున్న పాఠాలను నమోదు చేశారు. నాలుగు ప్రాజెక్టుల్లోనూ అవే క్రియలు, అదే వరస. ట్యాంకులకు బదులు ఓడలని రాసినా ఆ పేరాలు అలాగే సరిపోతాయి.

నాకు అది అప్పుడు తోచలేదని ఒప్పుకోవాలి; చూసి బాగుందన్నాను. అయితే పంపేముందు, ధ్రువీకరించవలసిన వ్యక్తులకు ఆ పేరాలు చదివించమన్నాను, అది నాకు పాత అలవాటు. తాగునీటి పనుల నాటి ఆమె మేనేజరు చదివిన సాయంత్రమే ఫోన్ చేశారట. 'ఏంటమ్మా ఇది? మనం కట్టింది ట్యాంకులు, వేసింది పైపులైన్లు. ఈ రిజిస్టర్లన్నీ ఎక్కడ రాశాం మనం? ఇవి చూపించమంటే నేనేం చూపించను? ఇందులో నువ్వు చేసిన పని ఒక్కటీ లేదు' అన్నారట. ఆయన సంతకం చేయననలేదు కానీ చేస్తాననీ అనలేదు.

ఆమె చాలా నొచ్చుకున్నారు. నాకు మాత్రం ఆ పెద్దమనిషి మాట కళ్లు తెరిపించింది. దరఖాస్తు పరిశీలించేవారికి నచ్చే భాషలో రాయాలని మేమిద్దరం అనుకున్నాం. ఆ పనిని కళ్లారా చూసిన మనిషి పోల్చుకోలేని భాషలో రాశాం. సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ నైతిక నియమావళి కూడా ఇక్కడ అడ్డొస్తుంది: బాధ్యత, గౌరవం, న్యాయం, నిజాయితీ అనే నాలుగు విలువలకు కట్టుబడతానని దరఖాస్తులోనే అంగీకరిస్తాం. అక్కడ లేని రిజిస్టరును ఉందని రాయడం అబద్ధమే, అది ఎంత అందమైన పదమైనా సరే.

ఫలించిన పద్ధతి

నమూనాను పక్కన పడేసి, ముందుగా కాగితాలు తెప్పించాను. ఆమె దగ్గర మూడు సైట్ డైరీలు, కొన్ని ఇండెంట్ల నకళ్లు, మెయిళ్లు, ఫోనులో తేదీలతో సహా వందలాది ఫొటోలు ఉన్నాయి. డైరీ ముందు పెట్టుకొని, 'ఈ పని మీరు లేకపోతే వేరేలా జరిగి ఉండేది' అనిపించే సంఘటనలను మాత్రమే చెప్పమన్నాను. ఆ మూడు గంటల్లో వచ్చిన సరుకు రెండు రోజుల రాతలో రాలేదు.

తాగునీటి పనుల సంగతే తీసుకుంటే, 11 ఆవాసాలకు 7 ఓవర్‌హెడ్ ట్యాంకులు, సుమారు 38 కిలోమీటర్ల లోపలి పైపులైన్లు ఆమె చూసుకున్నారు. ఇద్దరు సూపర్‌వైజర్లు, ముగ్గురు సబ్‌కాంట్రాక్టర్లు ఆమె కింద ఉన్నారు. రెండు ఊళ్లలో ట్యాంకు స్థలం మీద తగాదా వచ్చి పునాది పని ఆగిపోయినప్పుడు, కూలీలను ఖాళీగా కూర్చోబెట్టకుండా పైపులైన్ల పనిని ముందుకు జరిపారు. సర్పంచులతో, శాఖ డీఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు)తో కలిసి మాట్లాడి ఒక ఊళ్లో స్థలం మార్పించారు. కొత్త చోట నేల మెత్తగా ఉందని పరీక్షలో తేలడంతో పునాది డిజైను మార్పించి, సవరించిన ఎస్టిమేటు పంపించారు. రోడ్డు కటింగ్ అనుమతి ఆలస్యమైన చోట ఎవరికి ఎన్నిసార్లు లేఖ రాశారో డైరీలో ఉంది. హైడ్రో టెస్టులో (నీటి ఒత్తిడి పరీక్షలో) లీకులు తేలిన లైనును సొంత ఖర్చుతో మళ్లీ వేయమని ఒక సబ్‌కాంట్రాక్టరుకు చెప్పి, వినకపోతే బిల్లు ఆపించారు.

దీన్నంతా ఇంగ్లీషులో రాసేటప్పుడు ఐదు విభాగాల ఊసే ఎత్తలేదు. ప్రాజెక్టు ఉద్దేశం రెండు వాక్యాల్లో, ఆమె బాధ్యత ఒక వాక్యంలో, ఆమె తీసుకున్న నాలుగైదు నిర్ణయాలు, చివరికి ఏం అప్పగించారో. తీరా చూస్తే పరిధిలో మార్పు, ముప్పును ముందే పసిగట్టడం, సంబంధితులను కలుపుకుపోవడం, నాణ్యత పరీక్ష, ముగింపు అన్నీ వాటంతటవే అందులో ఉన్నాయి. రిస్క్ రిజిస్టర్ అన్న మాట లేదు, రిస్కును ఎదుర్కొన్న తీరు ఉంది. పరిశ్రమ పదజాలం పూర్తిగా మానేయాలని నేననడం లేదు, పరిశీలించేవారికి ఎం.బుక్ అంటే తెలియదు కనుక కొలతల నమోదు పుస్తకమని విడమరచి రాశాం. కానీ ముందు పని, తర్వాతే దాని పేరు.

మేనేజరుగారు ఈ రెండో ప్రతి చదివి ఒకే మార్పు చెప్పారు. బిల్లు ఆపించే అధికారం ఆమెకు లేదని, ఆమె సిఫారసు చేస్తే తాను ఆపానని, అలాగే రాయమన్నారు. అలాగే రాశాం. తక్కిన ముగ్గురు ధ్రువీకర్తలకూ ఇలాగే పంపాం. ఎస్‌టీపీ పనికి నివాసుల సంఘం కార్యదర్శిని ఎంచుకున్నాం. పై అధికారికన్నా ఆ ఐదు నెలలను దగ్గరగా చూసినది ఆయనే. పాఠశాల పని నాటి అధికారి ఉద్యోగం మారడంతో పాత మెయిల్ పనిచేయడం లేదని అప్పుడే బయటపడింది. అది ఆడిట్ సమయంలో తెలిసి ఉంటే గడువులో పది రోజులైనా అతన్ని వెతకడానికే పోయేవి.

ఒరిజినల్ డిగ్రీ ఆగస్టు చివర వచ్చింది. సెప్టెంబరులో దరఖాస్తు పంపారు, ఆడిట్‌కు ఎంపికైంది. ఆమె కంగారుగా ఫోన్ చేశారు గానీ చేయవలసిన పనేమీ మిగల్లేదు. అందరి ధ్రువీకరణలూ రెండు వారాల్లో చేరాయి, కొద్ది రోజుల్లోనే ఆమోదం వచ్చింది. ఆమోదం నుంచి ఏడాదిలోపు మూడుసార్ల దాకా పరీక్ష రాయవచ్చు. ఆ చదువు ఈ కేసు పరిధిలోనిది కాదు.

నా పద్ధతిలో మారినవి

పాత నమూనాను ఇప్పుడు ఎవరికీ ఇవ్వడం లేదు. గళ్ల కాగితంతోనే మొదలుపెడుతున్నాను. కాంట్రాక్టు పేరునో హోదానో చూసి నెలలను కొట్టేయడం మానేసి, 'ఆ కాలంలో మీకు నిద్ర పట్టని పని ఏదైనా ఉందా?' అని అడుగుతున్నాను. నవ్వులాటగా అనిపించినా ఆ ప్రశ్నకు దొరికినన్ని ప్రాజెక్టులు రెజ్యూమేలో దొరకవు. ధ్రువీకర్తలకు వివరణ చదివించడం నాకు ముందు కేవలం మర్యాదగా ఉండేది, ఇప్పుడు అది దరఖాస్తులో ఒక దశ. ధ్రువీకర్త ఒక్క మాటైనా దిద్దకుండా బాగుందని తిప్పి పంపితే ఆయన చదవలేదేమో అనుకుంటాను.

ఆడిట్ ముగిసిన రోజున ఆమె పాత మేనేజరు ఆమెతో, 'నావి కూడా ఓసారి లెక్కపెట్టించమ్మా' అన్నారట. పాతికేళ్ల అనుభవం ఉన్న మనిషి. కానీ గత 8 ఏళ్లలో సగానికి పైగా ఆయన పని పథకాల నిర్వహణే. మొన్న ఆదివారం ఆయన డైరీలు సంచిలో వేసుకొని మా ఇంటికి వచ్చారు. సాయంత్రానికి 22 గడులు నిండాయి. మిగతా డైరీలు ఊళ్లో ఉన్నాయి, వచ్చే వారం తెస్తానన్నారు.